మోచేయి విరిగినప్పుడు మణికట్టును మరువరాదు

మీరు రేడియో మీటను త్రిప్పునప్పుడు ఏ అవయవము పని చేయుచున్నదో ఎప్పుడైన గమనించితిరా? భుజము కదలదు. మోచేయి ముడుచుకొనదు, చాచుకొనదు. తిరుగునది ముంజేయి. తాళము తీయుట, తడిగుడ్డ పిండుట, తాడు పేనుట, అన్నము కలిపి ముద్దను నోటి కందించుట, గుడిలో తీర్థమునకు అరచేయి పట్టుట – ఇవి యన్నియు ముంజేయి తిరుగుటచేతనే జరుగుచున్నవి. అరచేతిని ఆకాశమువైపునకును, నేలవైపునకును త్రిప్పగల ఈ శక్తి పోయినవాడు దోసిలి పట్టలేడు. చిల్లర డబ్బులు చేత పోసినను నిలుపుకొనలేడు. చేయి ఉన్నట్లే కనబడును గాని దానితో బ్రదుకు సాగదు.

ఈ ముంజేతిలో రెండెముకలు కలవు. బొటనవ్రేలి వైపున నున్నది రత్ని. చిటికెనవ్రేలి వైపున నున్నది అరత్ని. అరత్ని మోచేతివద్ద బందువేసిన తలుపువలె బిగిసియుండి, ముడుచుట, చాచుట అను రెండు పనులే చేయును. తిరుగునది రత్ని. దాని పైకొన గుండ్రని చిన్న బిళ్లవలె నుండును. దానిని రత్ని శిరస్సు అందురు. ఈ శిరస్సు మోచేతిలో తన చోటనే బొంగరమువలె తిరుగును. క్రింది కొన మాత్రము మణికట్టువద్ద అరత్నిచుట్టు అర్ధచంద్రాకారముగ పోయివచ్చును. అనగా రెండెముకలు పైన ఒక కీలులోను, క్రింద ఒక కీలులోను కలిసియున్నవి. పై కీలు చెడినచో క్రిందిది సుఖముగ నుండదు.

ఈ రెండు కీళ్లకు నడుమ మూడవ బంధ మొకటి కలదు. శ్రోతలలో చాలమంది దాని పేరైనను విని యుండరు. రెండెముకలనడుమ పొడవునను పరచుకొని బలమైన పొర యొకటి యున్నది. నులకమంచము పట్టెలనడుమ అల్లిన నులకను తలచుకొనుడు. ఆ పొరలో నడిమి పట్టెడ మిగిలిన భాగముకంటె దళసరియైనది. దాని పోగులు రత్నినుండి బయలుదేరి ఏటవాలుగ క్రిందికి దిగి అరత్నికి అంటుకొనును. ఈ ఏటవాలులోనే దాని విశేష మంతయు నున్నది. మనము చేతిపై బరువు మోపినపుడు మణికట్టువద్ద ఆ బరువులో నూటికి సుమారు 80 పాళ్లు రత్నిమీదనే పడును. ఆ బరువంతయు రత్నివెంట నేరుగ పైకి పోయి దాని చిన్న శిరస్సును నలుగగొట్టకుండ, నడిమి పొర అందులో కొంత లాగి అరత్ని కప్పగించును. రత్ని పైకి జారిపోకుండ వెనుకకు పట్టియుంచునదియు ఈ పొరయే. రత్ని శిరస్సు లేనప్పుడు ఈ పొర యిచ్చు నిలకడలో సుమారు 70 పాళ్లు నడిమి పట్టెడదేనని 1989లో అమెరికా దేశమున జరిగిన పరీక్షలలో తేలినది.

ఇక పడుటను గూర్చి చెప్పవలెను. పలనాటిలో ఎత్తునుండి పడుటకు అవకాశములు తక్కువ గావు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలపై పనిచేయువారు, దాచేపల్లి, మాచర్ల ప్రాంతములందు నాపరాళ్లు లారీల కెత్తువారు, మిరపకాయల బస్తాల దొంతరపై నిలిచి తాళ్లు బిగించువారు, కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టువారు – వీరందరును నేలకు ఎడముగ నిలిచి పనిచేయువారే. ఇప్పుడు వీరికి మోటారు సైకిళ్లవారు తోడైరి. పడువాడు తలను కాచుకొనుటకై చేయి చాచి పడును. అది దేహధర్మము; ఎవ్వరును ఆలోచించి చేయు పని కాదు. మోచేయి చాచియుండగా అరచేయి నేలను తాకును. దేహభార మంతయు, పడిన వేగముతో హెచ్చి, మణికట్టునుండి రత్నివెంట పైకెక్కి మోచేతిలోని చిన్నబిళ్లను పగులగొట్టును. సాధారణముగ దెబ్బ అక్కడితో ఆగును. కాని వేగ మధికమైనచో బిళ్ల ముక్కలగుటతో రత్ని ఇంకను పైకి త్రోయబడును. నడిమి పొర నిలువున చినుగును. క్రింద మణికట్టువద్ద రెండెముకలను కట్టియుంచిన బంధనములు తెగును. ఒక్క పాటున మూడు చోట్ల గాయము. కంటికి కనబడునది మాత్ర మొక్కటే.

ఈ మూటిని ఒక్క గాయముగ గుర్తింపజేసిన కీర్తి పీటర్ ఎసెక్స్-లొప్రెస్టి అను ఆంగ్ల శస్త్రవైద్యునికి దక్కినది. రెండవ ప్రపంచయుద్ధమున ఆయన పారాచూట్ దళములతో పనిచేసెను. ఆకాశమునుండి దూకువారికి కలుగు దెబ్బలను గూర్చి 1946లో ఒక వ్యాసము ప్రకటించెను. పడుటను అంత దగ్గరగ చూచిన వైద్యులు అరుదు. పిమ్మట బర్మింగ్‌హామ్ నగరమున ప్రమాదములకై ప్రత్యేకించిన ఆసుపత్రిలో పనిచేయుచు 1951లో ఇద్దరు రోగుల వృత్తాంతమును వెల్లడించెను. ఇద్దరికిని రత్ని శిరస్సు విరిగినది; ఇద్దరికిని మణికట్టువద్ద కీలు తొలగినది. ఇట్టి గాయమును 1946లోనే కర్, కో అను వైద్యులు వర్ణించి యుండిరి గాని, లోకము ఎసెక్స్-లొప్రెస్టి పేరునే నిలుపుకొన్నది. ఆ 1951లోనే ఆయన నలువది యేండ్లు నిండకమునుపే మరణించెను. మడమ యెముక విరుగుటను గూర్చిన ఆయన ప్రసిద్ధ వ్యాసము మరుసటి యేడు, ఆయన పోయిన తరువాత వెలువడినది.

గాయమునకు పేరు వచ్చి డెబ్బదియేండ్లు దాటినను దానిని మొదటి దినముననే పట్టుకొనుట ఈనాటికిని సులభము గాదు. కారణము స్పష్టమే. రోగి మోచేతిని పట్టుకొని వచ్చును. అక్కడనే నొప్పి, అక్కడనే వాపు. వైద్యుడు మోచేతికి ఎక్స్‌రే తీయించును. విరిగిన బిళ్ల కనబడును. చినిగిన పొర ఎక్స్‌రేలో కనబడదు. మణికట్టు కొంచెము నొచ్చుచున్నదని రోగి చెప్పినను, పడినపుడు బెణికి యుండునని ఇంటివారే సమాధానము చెప్పుకొందురు. 1992లో అమెరికాలోని మేయో వైద్యశాలవారు ఇట్టి రోగుల నిరువదిమందిని పరిశీలించి ప్రకటించిరి. సకాలమున గాయమును గుర్తించినది ఐదుగురిలో మాత్రమే. పదునైదుగురికి ఆలస్యముగ తెలిసినది. ముందు గుర్తించినవారిలో అధికులకు మేలు కలిగినది, తరువాతివారిలో కొద్దిమందికే. అంత పేరుగల వైద్యశాలకు వచ్చినవారి గతియే ఇట్లుండగా, బస్సెక్కి పట్టణమునకు పోవలసిన పల్లెవాని సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

గుర్తింపనిచో ఏమగును? ఒక ఉదాహరణము కల్పించుకొందము. గురజాల దాపున ఒక రైతు ట్రాక్టరు ట్రాలీపైనుండి చేయి చాచి పడినాడనుకొనుడు. రత్ని శిరస్సు నాలుగైదు ముక్కలైనది. ముక్కలను తీసివేసినచో మోచేయి చక్కగ ముడుచుకొనునని శస్త్రము చేసిరి. ఈ శస్త్రము పాతదే. పొర చెక్కుచెదరక యున్నవారిలో అది పలుమార్లు మేలుచేసినదే. మన రైతునకును మొదట రెండు నెలలు సుఖముగనే యుండెను. పిమ్మట పలుగు పట్టినప్పుడు మణికట్టు చిటికెనవ్రేలి వైపున పోటు మొదలైనది. బిళ్ల లేదు గనుక పైన అడ్డు లేదు. పొర చినిగినది గనుక వెనుకకు పట్టువా రెవ్వరును లేరు. ప్రతి బరువుకును రత్ని కొంచెము కొంచెము పైకి జారుచున్నది. అరత్ని క్రింది కొన పొడుచుకొనివచ్చి మణికట్టు ఎముకలను ఒరయుచున్నది. అరచేయి పైకి తిరుగదు. పట్టు సన్నగిల్లినది. ఆ రైతు మణికట్టుకు తైలము వ్రాసికొని యేడాది గడపును. రోగము మూలము మోచేతిలోను, ముంజేతి నడుమను ఉన్నదని అతనికెట్లు తోచును?

ఇచ్చట కట్టువైద్యమును గూర్చి ఒక్క మాట చెప్పకున్నచో నా ప్రసంగము మన దేశపు ప్రసంగము కాజాలదు. చిత్తూరు సీమలో పుత్తూరు చెంత రాచపాళెమునందు తరతరములుగ సాగుచున్న ఎముకల కట్టు తెలుగునాట ఎరుగనివారు లేరు. కోడిగ్రుడ్డు సొన, ఆకుపసరు, వెదురు బద్దలు, గుడ్డపట్టీ – వీనితో కట్టు కట్టుదురు. ‘పుత్తూరు కట్టు’ అను బోర్డు మన పట్టణములలో ఎన్నిచోట్లనో కనబడును. ఎముక నడుమ సూటిగ విరిగి స్థానము తప్పనపుడు కదలకుండ బద్ద కట్టుటయే చికిత్స; ఆసుపత్రిలోని పిండికట్టు చేయునదియు అదియే. దానిని నేను తక్కువ చేయను. కాని కట్టు ఎముకను పట్టగలదు గాని లోపల చినిగిన పొరను పట్టజాలదు. అదియును గాక కీలులో విరిగిన ఎముక వేరు, కీలునకు దూరముగ విరిగిన ఎముక వేరు. మోచేతిలో విరిగినపుడు తైలము పోసి బలముగ తోముట, మెడపట్టి వంచినట్లు కీలును వంచుట మిక్కిలి కీడు. నలిగిన కండలో క్రొత్త ఎముక పెరిగి కీలు శాశ్వతముగ బిగిసిపోవచ్చును.

ఏ కట్టు కట్టించుకొన్నను, అది ఆసుపత్రిలోనిదైనను సరే, బిగువైనచో వెంటనే విప్పించుకొనవలెను. వ్రేళ్లు తిమ్మిరెక్కుట, చల్లబడుట, తెల్లబారుట. అన్నిటికంటె ముఖ్యముగ వ్రేళ్లను ఇతరులు మెల్లగ చాచినపుడు భరింపరాని నొప్పి పుట్టుట – ఇవి కండలకు రక్తము అందుటలేదను సూచనలు. తెల్లవారువరకు ఆగుద మనుకొన్నచో కండలు చచ్చి చేయి గోళ్లపక్షి కాలివలె వంగిపోవును. జర్మను వైద్యుడు ఫోక్‌మన్ దీనిని 1881లోనే వర్ణించెను.

ఇక ఇంటివారు చేయదగినది చాల సులభమైన పని. మోచేయి దెబ్బ తగిలినవానిని మణికట్టు నొప్పియున్నదా యని అడుగుడు. ముంజేతి నడుమ రెండెముకల సందున మెల్లగ నొక్కి చూడుడు. అక్కడ నొప్పి యున్నచో, లేక మణికట్టు వెనుక చిటికెనవ్రేలి వైపున ఎముక రెండవ చేతికంటె ఎత్తుగ కనబడినచో, వైద్యునితో ఆ మాట చెప్పుడు. మణికట్టుకును ఎక్స్‌రే తీయుమని అడుగుటలో తప్పులేదు. రెండు మణికట్లకును తీసి పోల్చినచో రత్ని ఏమాత్రము పైకి జరిగినదో తెలియును. అనుమానము మిగిలినపుడు ఎం.ఆర్.ఐ. పరీక్షలోగాని, అల్ట్రాసౌండు పరీక్షలోగాని చినిగిన పొర కనబడును. శస్త్రము చేయుచున్నప్పుడే తెలిసికొను ఉపాయము మరియొకటి కలదు. విరిగిన శిరస్సును తీసినపిమ్మట మిగిలిన రత్ని కొనను పట్టి భుజమువైపునకు లాగుదురు. అది 3 మిల్లీమీటర్లు గాని అంతకు మించిగాని జరిగినచో పొర చినిగినదని అనుమానింపవలెను. 6 మిల్లీమీటర్లు దాటినచో క్రింది బంధనములును తెగినవని నిశ్చయము. ఖర్చులేని పరీక్ష, కొన్ని క్షణముల పని.

గాయము క్రొత్తదైనచో చికిత్స ఇట్లుండును. రత్ని శిరస్సు ముక్కలు పెద్దవై కూర్చుటకు వీలైనచో సన్నని మరలతో కూర్తురు. నుగ్గైనచో దాని స్థానమున లోహపు శిరస్సు నమర్తురు. పూర్వము ఇందులకు సిలికోను రబ్బరును వాడిరి. అది మెత్తనిది, బరువును మోయజాలక విరిగెడిది, అరిగి ఆ పొడిచేత కీలు వాచెడిది. కనుక దానిని విడిచిరి. లోహపు బిళ్లకును ఒక పేచీ కలదు. కొలతకంటె రవంత పొడుగైనను ఎదుటి ఎముకను అరగదీయును. పొట్టిదైనచో రత్ని మరల జారును. పైది సరిపడినపిమ్మట మణికట్టును పరీక్షించి, అది నిలకడగ లేనిచో అరచేయి పైకి తిరిగియుండగా రెండెముకలను సన్నని ఉక్కు తీగతో కొన్ని వారములు కుట్టియుంతురు. నాలుగు మొదలు ఆరు వారముల పిమ్మట తీగను తీసివేయుదురు.

నడిమి పొర తనంతట తాను అతుకుకొనదా యని మీరడుగవచ్చును. కొందరిలో అతుకుకొనును. కాని చినిగిన అంచుల సందున కండ దూరినచో రెండంచులును కలియవు. కాలము గడిచినకొలది చినిగిన పోగులు కుంచించుకొనిపోవును గనుక పాతగాయమున కుట్టుటకు ఏమియు మిగులదు. అప్పుడు క్రొత్త పొరను నిర్మింపవలసినదే. ముంజేతి పునర్నిర్మాణ మనగా నిదియే.

క్రొత్త పొరకు సరకు ఎక్కడిది? రోగి దేహములోనిదే. కండలు ఎముకకు అంటుకొనుచోట తెల్లని గట్టి త్రాళ్లు కలవు; మనవారు వానిని నరములందురు గాని అవి స్నాయువులు. బొటనవ్రేలిని చిటికెనవ్రేలితో తాకించి మణికట్టును కొంచెము వంచి చూచుకొనుడు. నడుమ సన్నని త్రాడొకటి లేచి కనబడును. అది లేకున్నను చేతికి లోటు లేదు. కొందరికి పుట్టుకనుండియే ఉండదు. కనబడనివారు భయపడ నక్కరలేదు. శస్త్రవైద్యుడు ఈ త్రాటిని గాని, మణికట్టును వంచు మరియొక స్నాయువులో భాగమును గాని, మోకాలి చిప్ప క్రింది పట్టెడలో నడిమి భాగమును దాని రెండు కొనల ఎముక ముక్కలతో సహా గాని తీసికొనును. రత్నికొక చోట, అరత్నికి అంతకంటె క్రిందుగ నొకచోట రంధ్రములు తొలిచి, ఆ త్రాటిని పాత పోగులు పోయిన దారినే, అరత్నికి సుమారు 20 డిగ్రీల ఏటవాలుగ సాగదీసి బిగించును. దారి తప్పినచో త్రాడు గట్టిగ నున్నను పని చేయదు. మంచము పట్టె కడ్డముగ నులక నల్లినచో కూలునో నిలుచునో మంచము నేసినవారి కెరుకే. ఇటీవల కొందరు బలమైన కృత్రిమపు దారమును, రెండు కొనలయందును చిన్న లోహపు గుండీలతో బిగించుచున్నారు.

కాని పొర నొక్కదానిని నిర్మించినచో చాలదు. ముందుగ పైన రత్ని శిరస్సు ఉండవలెను. లేనిచో లోహపుది అమర్పవలెను. క్రింద అరత్ని పొడుచుకొనివచ్చి యున్నచో దానినుండి కొన్ని మిల్లీమీటర్ల ముక్కను కోసి తీసి, పలకతో, మరలతో బిగించి, రత్నికి సమము చేయవలెను. అప్పుడే నడుమ వేసిన త్రాటికి నిలుచు బలము కలుగును. కీళ్లు రెండును అప్పటికే అరిగిపోయినచో ఇవి యేవియు ఫలింపవు. కట్టకడపటి మార్గముగ రత్నిని, అరత్నిని ఒక్క ఎముకగ అతికివేయుదురు. నొప్పి తగ్గును, బరువు నిలుచును. కాని ముంజేయి ఇక జన్మలో తిరుగదు. నేను మొదట చెప్పిన తాళము, దోసిలి, తీర్థము – ఇవన్నియు పోయినట్లే. ఆ శస్త్రమునకు పూర్వము వైద్యుడు రోగి నడిగి, అరచేయి ఏ వైపునకు తిరిగియుండగా అతికిన అతని వృత్తికి అనుకూలమో తెలిసికొనవలెను. కలము పట్టువానికి ఒక విధము, పార పట్టువానికి వేరొక విధము.

ఇట్టి శస్త్రములు ప్రతి పట్టణమునను జరుగవు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట కేంద్రమైనది. అచ్చట మొదటి చికిత్స, ఎక్స్‌రే దొరకును. గుంటూరు అక్కడికి సుమారు 45 కిలోమీటర్లు. మాచర్లవారి కది రెండింతలకు మించిన దూరము. గుంటూరు వైద్యకళాశాల 1946లో వెలసినది. దాని ననుసరించియున్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల విభాగము కలదు. 1964లో నిజాం ధర్మనిధి ప్రాపున ఎముకల ఆసుపత్రిగ మొదలై, తరువాత పెద్ద వైద్యవిజ్ఞాన సంస్థగ పెరిగిన నిమ్స్ హైదరాబాదున నున్నది. ఎక్కడికి పోయినను మొదటి దినమున తీసిన ఎక్స్‌రేలను పారవేయక వెంట గొనిపోవుడు. రత్ని నాటికిని నేటికిని ఎంత జరిగినదో చెప్పగల సాక్ష్యము అదియే.

శస్త్రానంతరము ఓపిక కావలెను. వ్రేళ్లను, భుజమును మొదటి దినమునుండియే కదలించుచుండవలెను. తీగ తీసినపిమ్మట ముంజేతిని త్రిప్పు అభ్యాసము మొదలగును. మోచేతిని ప్రక్కటెముకలకు ఆనించి, పిడికిట గరిటెను నిలువుగ పట్టుకొని, అటు కొంచెము ఇటు కొంచెము వాల్చుటయే ఆ అభ్యాసము. మోచేతిని ప్రక్కకు తీసినచో భుజము తిరిగి, ముంజేయి తిరిగినట్లు మనలను మోసగించును. దినమునకు మూడు నాలుగు మారులు, నొప్పి హద్దు దాటకుండ చేయవలెను. బలవంతముగ ఇతరులచేత త్రిప్పించుకొనరాదు. క్రొత్త త్రాడు ఎముకలో వేరూనుటకు నెలలు పట్టును గనుక బస్తాలు, బిందెలు, పలుగు పారలు ఆ తరువాతనే, అదియు వైద్యుడు ఎక్స్‌రే చూచి సరేయన్నపుడే. కూలికి పోవువారికి ఈ విరామము కష్టమే. అందుచేత శస్త్రము తేదీని నిర్ణయించుకొనునపుడే మిరపకోతల కాలమును, ఇంటిలో సంపాదించు ఇతరులను లెక్కలోనికి తీసికొని వైద్యునితో మాటలాడుట మంచిది. పాతగాయమున నాలుగు వారములు ముందు వెనుకలగుటచే అంతగ నష్టముండదు. క్రొత్తగాయమున మాత్రము వారము కూడ ఆలసింపరాదు.